రాబోయేవాడి తుపాకి

షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇల్లు కొన్న రోజు నుంచీ దాన్ని మేము ఇంకెవరి కోసమో కాపాడుతున్నాం. ఎప్పుడో ఒకనాడు దాన్ని మా దగ్గర కొనబోయేవాడి కోసం. వంటింటి గోడకు ఆకుపచ్చ వేద్దామంటే ఆ రాబోయేవాడికి నచ్చదు. ఎవరూ దిగని స్నానాల తొట్టి తీసేద్దామంటే వాడికి తొట్టి కావాలి. మా కార్లన్నీ బూడిద రంగువే, వాడికి ఎరుపు పడదు కాబట్టి. మా ఆయన ఏది కొన్నా అమ్మే రోజును తలుచుకునే కొంటారు. ఇళ్ల ధరలు పడిపోయాక ఆ జబ్బు ఇంకా ముదిరింది. దానిమీద నేను పెట్టుకున్న వాదనలకు అంతులేదు. గెలిచినవి మాత్రం అన్నీ గుర్తున్నాయి, అంత తక్కువ.

పిల్లలిద్దరూ కాలేజీలకు వెళ్లిపోయిన ఏడాది, మా ఆయన స్నేహితుడైన ఒక డాక్టరుగారు మమ్మల్ని క్లే షూటింగ్‌కి తీసుకెళ్లారు. యంత్రం ఒక మట్టి బిళ్లను గాల్లోకి విసురుతుంది, అది నేలకు దిగేలోగా కొట్టాలి, అంతే ఆట. ఆయన తన కూతురి తుపాకి నా చేతికిచ్చారు. మొదటి రెండు బిళ్లలూ క్షేమంగా గడ్డిలో పడ్డాయి. మూడోది గాల్లోనే పొడి అయింది. ఆ తర్వాత పొడి అయినవే ఎక్కువ.

"అమ్మా, మీ మాటలాగే మీ గురి కూడా ఎవర్నీ వదిలేట్టు లేదు," అన్నారు డాక్టరుగారు.

యాభైకి దగ్గరపడ్డ మనిషికి కొత్తగా ఒక పని చేతనవడం చిన్న సంగతి కాదు. హాస్పిటల్ ల్యాబ్‌లో నేను చేసే పని ఇరవై ఏళ్లుగా చేస్తున్నదే. ఇంట్లో చేసే పనిని ఎవరూ పని అనరు. ఆ సాయంత్రం దారి పొడుగునా ఆ మూడో బిళ్ల గురించే మాట్లాడాను.

శరదృతువులో డాక్టరుగారు ఫెజెంట్ల వేటకు వెళతారు. పొడుగు గడ్డిలో దాక్కుని ఒక్కసారిగా పైకి లేచే, రంగురంగుల అడవికోడి లాంటి పక్షి అది. మాకూ వెళ్లాలనిపించింది. బిళ్లలకూ పక్షులకూ పనికొచ్చే తుపాకి ఒకటే కొందామన్నారు మా ఆయన. ఎంపిక నాకొదిలేశారు. నెల రోజులు చదివాను, ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లతో కూడా వాదించాను. బిళ్లల ఆటకు బరువైన తుపాకి మంచిది, తూలదు, భుజాన్ని తక్కువ తంతుంది. వేటకు తేలికది కావాలి, పొద్దంతా గడ్డిలో మోసుకు తిరగాలి కనక. రెంటికీ నడుమన ఉండేదాన్ని పట్టుకున్నాను. ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు, గుళ్లు ఎంత వెడల్పున చెదరాలో ఆటనుబట్టి మార్చుకోవడానికి వాటి మూతికి బిగించే ముక్కలు.

దుకాణంలో పెద్దాయన నా మోచేయి మడిచి, అక్కడి నుంచి చూపుడువేలి దాకా కొలిచాడు. ఈ తుపాకులన్నీ మగవాళ్ల చేతులకు చేసినవేనని, భుజానికి ఆనించే చెక్కను నాకు అంగుళం పైనే కోయాలని చెప్పాడు.

"కోయించు. నాకెలాగైనా సరిపోతుందిలే, నీ కొలతకే చేయిద్దాం," అన్నారు మా ఆయన. ఆ మాట అందరి ముందూ అన్నారు. నాకు ఎంత బాగుందో చెప్పలేను. అమ్మే రోజు గుర్తు రాకుండా ఆయన నా కోసం కొనిపించిన మొదటి వస్తువు అదే అనుకున్నాను.

కొద్దిరోజులకు ఆఫీస్ నుంచి వస్తూ ఆయనే తెచ్చారు. చెక్క చివర పాత ప్లాస్టిక్ పలక పోయి కొత్త నల్ల రబ్బరు ఉంది. ల్యాబ్‌లో ప్రతి చుక్కా కొలిచే నేను దాన్ని కొలవలేదు. ఇంట్లో మనిషి తెచ్చినదాన్ని కొలవడమేమిటి.

ఆ వేసవి అంతా నా బిళ్లలు గడ్డిలోనే పడ్డాయి. తుపాకి ఎత్తబోతే చంకలో బట్టకు తట్టుకునేది. భుజం మీద ఆనాల్సింది జారి కండమీద కూర్చునేది. ఇంటికొచ్చేసరికి జబ్బ వంకాయ రంగు. మా ఆయన తువ్వాల్లో ఐసు చుట్టి తెచ్చి, పక్కన కూర్చుని, ఆయన చేత్తోనే అద్దేవారు.

"మొదటిరోజు లక్కు అది. అందరికీ అన్నీ రావుగా, వదిలేయ్," అనేవారు.

మధ్యలో "ఊరికే చూస్తా ఇటివ్వు" అని తీసుకుని ఆయన కొడితే తగిలేవి. శరదృతువు వచ్చేసరికి తుపాకి ఆయనదైపోయింది. గురి లేని మనిషి వేటకు రావడం పక్కవాళ్లకు ప్రమాదమన్నారు. అది నిజమే కాబట్టి వాదించలేదు. వాళ్లిద్దరూ వెళ్లి పక్షులు తెచ్చారు. ఈకలు పీకి, మాంసంలో ఇరుక్కున్న గుళ్లు ఏరి, నేనే పులుసు పెట్టాను. డాక్టరుగారు రెండోసారి వడ్డించుకున్నారు.

చలికాలంలో ఒక శనివారం నాకు తిక్క పుట్టింది. నేను చేతగానిదాన్నే కావచ్చు, కానీ ఆ కోత తప్పుగా కోశారేమో అడుగుదామని తుపాకి పట్టుకుని దుకాణానికి వెళ్లాను. పది మంది కొనేవాళ్ల ముందు ఆ పెద్దాయనను నిలబెట్టి దులిపేశాను. కొలత తీసుకోవడం వచ్చా రాదా అన్నాను. ఆయన చెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్నెవరూ కోయలేదు మేడమ్. మీవారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. కోయొద్దు, మెత్తటి రబ్బరు ఒకటి పెట్టండి చాలన్నారు. మీకు తెలుసనుకున్నాను."

తీసేసిన ప్లాస్టిక్ పలకకన్నా ఈ రబ్బరు మందం. అంటే నా తుపాకి పొట్టిది కాలేదు సరికదా, ఇంకాస్త పొడుగైంది. పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. అక్కడున్నవాళ్లు మర్యాదగా వేరే వైపు చూశారు.

మా ఆయన గరాజ్‌లో బూడిద రంగు కారు తుడుస్తున్నారు.

"చెక్క కోయించలేదేం?" అన్నాను.

గుడ్డ ఆగింది. "కోస్తే రీసేల్ పోతుందే. నీ సైజుకు కోసినదాన్ని ఎవడు కొంటాడు?"

"ఎవరు అమ్ముతానన్నారు?"

"రెండు నెలల్లో మానేస్తావనుకున్నా. వీణ మానేయలేదూ, యోగా మానేయలేదూ?"

"ఇది మానలేదుగా. అప్పుడైనా చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకున్నా. ఈలోగా నీకు తగలడం మానేశాయి. ఇంకెందుకులే అని..."

"తగలడం ఎందుకు మానేశాయండీ?"

ఆయన మళ్లీ కారు తుడవడం మొదలుపెట్టారు.

చెక్క సంగతి నేను క్షమించగలను. ఐసు సంగతి నావల్ల కావడం లేదు. దెబ్బ ఎందుకు తగులుతోందో తెలిసిన చేత్తో దానికి ఐసు అద్దుతూ, నీకు రాదులే అని ఓదార్చడం. ఆ రాత్రి వంట చేస్తూ నాకు రానివన్నీ తలుచుకున్నాను. నాకు హైవే మీద డ్రైవింగ్ రాదని మా ఇంట్లో అందరం ఏళ్లుగా నమ్ముతున్నాం, నాతో సహా. ఆ మాట మొదట ఎవరన్నారా అని ఎంత వెతికినా ఒక్కరే కనిపించారు.

మరుసటి వారం చెక్క కోయించాను. కోస్తే మళ్లీ అతకదని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. తెలుసన్నాను.

మంచు కరిగాక షూటింగ్ క్లబ్‌కి బయల్దేరినప్పుడు తాళాలు నేను తీసుకున్నాను. సీటు ముందుకు జరుపుకున్నాను, అద్దాలు సర్దుకున్నాను. "హైవే మీద ట్రక్కులుంటాయి," అన్నారాయన. "ఉంటాయి," అన్నాను. వెళ్లాం.

ఆ రోజు కొన్ని బిళ్లలు పొడి అయ్యాయి, కొన్ని గడ్డిలో పడ్డాయి. నేనేం పెద్ద మొనగత్తెను కాను. తగలనివి నావల్లే తగల్లేదని తెలియడం మాత్రం హాయిగా ఉంది.

అలవాటు కొద్దీ ఆయన చెయ్యి చాపారు. ఇచ్చాను. భుజానికి ఎత్తి పేల్చారు. బిళ్ల అలాగే వెళ్లి పడింది, ఆయన బొటనవేలు వెళ్లి ఆయన ముక్కుకే తగిలింది.

"పొట్టిదైపోయిందే ఇది," అన్నారు ముక్కు రుద్దుకుంటూ.

తప్పు తుపాకిదని తెలియడానికి ఆయనకు ఒక్క గుండు చాలింది. నాకు ఒక వేసవి పట్టింది, అదీ ఇంకొకరు చెబితే.