అక్కకు చెప్పాలె

మారేడ్‌పల్లిలో మా రక్తపరీక్షల సంస్థ ఆఫీసులో నా పని ఒక స్క్రీన్ ముందు కూర్చోవడం. ఏ బ్రాంచి సర్వర్ పలకకపోయినా దాని పేరు అందులో ఎర్రబడుతుంది. ఆ సోమవారం అల్వాల్ ఎర్రబడింది. ఫోన్ చేస్తే అక్కడివాళ్ళు నవ్వారు. "అంతా మంచిగనే నడుస్తుంది మేడమ్. రిపోర్టులు సుత ఇస్తున్నం."

మధ్యాహ్నం మీటింగులో మేనేజరు అందరి ముందూ అన్నాడు: "పొద్దుగాల్నుంచి పరేషాన్ చేసింది మీ స్క్రీన్. గిట్ల అబద్ధాలు చెప్పేదాన్ని పెట్టుకునుడెందుకు? ఈ పని బయటి కంపెనీకి ఇచ్చేస్తా."

"దానికి అబద్ధాలు రావండీ. ఎవరో దానికి తప్పు చెప్పుంటారు. సాయంత్రం దాకా టైమివ్వండి" అన్నాను.

పక్క కుర్చీలో ఉన్నామె పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. పదకొండేళ్ళుగా నా పక్క సీటు. మెట్టుగూడ నుంచి వస్తుంది. మా విజయనగరం యాసని వెక్కిరిస్తూనే నా డబ్బాలో పులిహోర సగం తినేస్తుంది. ఆఫీసంతా నన్ను మేడమ్ అంటే, అక్కా అనేది ఆమె ఒక్కతే. నాకు వత్తాసుగా ఒక మాట అంటుందేమోనని చూశాను. అనలేదు.

సీటుకొచ్చి వెతకడం మొదలుపెట్టాను. కంప్యూటర్లు ఒకదాన్నొకటి చేరాలంటే పేర్లు చాలవు, అంకెల అడ్రసు కావాలి. ఏ పేరుకి ఏ అడ్రసో చెప్పే సర్వర్ మాకు వేరే ఉంది. దాన్ని నేరుగా అడిగితే అల్వాల్‌కి శనివారం మార్చిన కొత్త అడ్రసు సరిగ్గానే చెప్పింది. నా కంప్యూటర్ మాత్రం అల్వాల్ కోసం పాత అడ్రసుకే పోయి తలుపు కొడుతోంది. అంటే అది ఆ సర్వర్‌ని అడగడమే లేదు.

పేర్లూ అడ్రసులూ చేత్తో రాసిపెట్టుకునే ఫైలు ప్రతి కంప్యూటర్‌లోనూ ఒకటుంటుంది. అందులో ఉన్న పేరుకి ఇక సర్వర్‌ని అడగదు. తెరిచాను. ఒకే ఒక్క వరుస. అల్వాల్, పాత అడ్రసు. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "టెంపరరీ. అక్కకు చెప్పాలె."

కుర్చీ జరిపి ఆమెకి చూపించాను. "ఎప్పుడు రాశావు?"

"వానల్ల, నువ్వు లీవుల ఉంటే నీ సీట్ల నేను కూసున్నప్పుడు. పేర్ల సర్వర్ బందయింది గదా, పని ఆగొద్దని రాసిన. తర్వాత యాది మరిచిన."

"మర్చిపోతే మర్చిపోయావు. శనివారం అడ్రసు మార్చింది కూడా నువ్వే కదా. మీటింగులోనైనా గుర్తు రాలేదూ?"

"వచ్చింది అక్కా. సార్ కోపం మీదుండె. జెర సల్లబడ్డంక చెప్దామనుకున్న."

"ఆయన చల్లబడేలోపు నా కుర్చీ ఖాళీ అయ్యేది. పులిహోరకి తెరుచుకునే నోరు అప్పుడేమైందమ్మా?"

ఆ వరుస చెరిపేశాను. అల్వాల్ పచ్చబడింది. మేనేజరుకి పంపే రిపోర్టులో, కారణం అన్నచోట, నా మాట ఒక్కటీ రాయలేదు. ఆ వరుసని, పక్కనున్న తెలుగుతో సహా, ఉన్నదున్నట్టు అతికించాను. అక్కా అనేది ఎవరో ఆయనకీ తెలుసు.

నా సీటు నాకు మిగిలింది. ఆమె ఇప్పుడు నన్ను మేడమ్ అంటోంది. అననీ. డబ్బాలో పులిహోర మాత్రం రోజూ మిగిలిపోతోంది.