పసుపు నా దగ్గర దాచిన సారు

సారు పోయాడని నాకు ఎవరూ చెప్పలేదు. తిరువొత్తియూరు స్టేషను గోడ మీద చూశాను. ఇక్కడ మనిషి పోతే ఫోటో వేసి గోడలకు పోస్టర్లు అంటిస్తారు కదా, అది. అరవ అక్షరాలు నాకు రావు. తెలుగే కూడబలుక్కుని చదువుతాను. కానీ ఆ ముఖానికి అక్షరాలెందుకు? నెత్తిమీది వంకాయల గంప దించి నిలబడిపోయాను. పోస్టరు ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. అంటే కర్మలు కూడా అయిపోయి ఉంటాయి.

మనలి పక్కన నాకు కౌలు చేను ఉంది. వంగ, తోటకూర వేస్తాను. సారు కాలేజీలో మొక్కల పాఠం చెప్పి రిటైరైనవాడు. కూరగాయల కోసం వచ్చి, ఒకరోజు వంగమొక్క ముందు గొంతుక్కూర్చుని లేవలేదు. మర్నాటి నుంచి ఆకులకు రంగు దారాలు కట్టడం మొదలుపెట్టాడు. ఏ వారం విచ్చిన ఆకుకు ఆ వారం రంగు. దారం చూస్తే ఆకు వయసు తెలిసిపోతుంది.

"ఏం సారూ, మొక్కకు తాళి కడతా ఉండావా?" అన్నాను.

"కట్టినానన్నా, ఇంక వదిలే పని లేదు" అన్నాడు.

నేను పెద్దవాణ్ణి గనక అన్నా అనేవాడు. నేను నువ్వనే పిలిచేవాణ్ణి. ఎవరి ముందైనా నా నోరు అంతే.

ఆకు సంగతి ఆయన చెప్పాకే నాకు తెలిసింది. "ఈ లేతాకు చూడన్నా. ఇది ఇంకా సంపాదించే బిడ్డ కాదు. పెద్దాకులు వండింది తిని పెరగతా ఉంది. పూర్తిగా విచ్చుకున్నాక చూడు, అప్పుడు దీని రాజ్యం. ఎండ తాగి బ్రహ్మాండంగా వండుద్ది. ఆపైన కొంచెం కొంచెంగా తగ్గుద్ది."

"అడుగున ఉండే ముసలిది?"

"దండగ అనుకోవద్దు. పోయేముందు తనలోని సత్తువ పై ఆకులకు పంపించుద్ది. అట్లా పంపిస్తా పంపిస్తానే పసుపు తిరుగుద్ది. పురుగు పట్టినదైతే గిల్లు, ముసలిది వదిలెయ్."

మా ఇద్దరికీ ఒక కట్టడి ఉండేది. పెట్టింది ఆయనే. ఏ ఆకు పసుపు తిరిగినా ముందు చూసినవాడు రెండోవాడికి చెప్పాలి, దాచకూడదు. నేను ఫోన్ చేస్తే ఎండలో బస్సెక్కి వచ్చేవాడు. చేను పక్కన టీకొట్టు ఆమె నవ్వేది. "ముసలాకు చూసేదానికి ఇంత దూరమా సారూ! ఇంట్లో అమ్మ కొత్త చీర కడితే చూస్తావా?"

"అది ఆకుపచ్చ చీరైతే చూస్తా" అనేవాడు.

ఆఖరిసారి నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. "ఏంది సారూ, సినిమా హీరో మాదిరి?" అన్నాను. "కంట్లో పొర తీసినారన్నా" అన్నాడు. నమ్మాను. అద్దాలు తీయకుండానే ఆకు పట్టుకుని, "రంగు ఎట్లుంది?" అని నన్నే అడిగాడు.

"నరాల దగ్గర పచ్చే. అంచులు మాత్రం పసుపు తిరిగినాయి."

"సరే" అన్నాడు. అంతే. మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే ఊళ్లో లేనన్నాడు.

ఆ పోస్టరు చూసిన రోజే, గంప స్టేషను దగ్గర పూలమ్మే ఆమెకు అప్పజెప్పి సారు ఇంటికి పోయాను. ఆయన భార్య తలుపు తీసింది.

"లివరు పోయిందన్నా. కళ్లు, ఒళ్లు అంతా పసుపు. ఊళ్లోనే ఉండాడు, ఆ మంచం మీదనే."

"ఎవురికి తెలుసు?"

"అందరికీ తెలుసు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు మాత్రం చెప్పొద్దన్నాడు. 'వీళ్లంతా తగ్గిపోద్ది అంటారు. అన్న ఒక్క చూపు చూసి ఉండేది ఉండేట్టు చెప్పేస్తాడు. నేను తట్టుకోలేను' అన్నాడు."

ఇది చదివేవాళ్లు, పోయినవాడి మీద కోపమేమిటి అనవచ్చు. ఉంది. చెప్పి రాయిస్తుంటే కూడా తగ్గలేదు. చేనులో ఆయనకు కావలసింది నా ఈ నోరే. తన దాకా వచ్చేసరికి అదే నోటికి భయపడి నన్ను గుమ్మం బయట పెట్టాడు. ఆయన చెప్పిన పాఠం మాత్రం నాతోనే ఉంది. ఈ పంటలో కూడా ముసలాకు గిల్లలేదు. అది ఆయన పెట్టిన భిక్షే, కాదనను. నేను అబద్ధం ఆడలేనని ఆయనకు తెలుసు. నోరు మూసుకుని పక్కన కూర్చోగలనని మాత్రం తెలుసుకోలేదు.

మంచం పక్కన కిటికీలో కుండీ ఉంది. చిక్కుడు మొక్క. మంచాన పడ్డాక విత్తనం నాటించుకున్నాడట.

"నువ్వు ఎత్తుకుపో అన్నా" అంది ఆమె.

ఆకులన్నీ కిటికీ వెలుతురు వైపు తిరిగి ఉన్నాయి. మంచం వైపు ఒక్కటీ లేదు. కుండీ ఇటు తిప్పుదామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాను. మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె ఏడుస్తోంది. నేనేమీ అనలేదు. ఆ ఆకుల వీపులు చూస్తూ, కిటికీలో ఎండ పోయేదాకా అక్కడే ఉన్నాను.