మాడిన తోలు, పురుగు అన్న మాట

చిన్నాయనకు కడుపులో గడ్డ అని, ఇక చేసేదేమీ లేదని దవాఖానా వాళ్లు ఇంటికి పంపేశాక, ఆయన నోటికి రుచించింది ఒక్కటే: నిప్పుల మీద కాల్చిన కొర్రమీను. తోలు నల్లగా మాడాలి. ముందు ఆ తోలే ఒలుచుకుని తినేవాడు.

ఆ రోజుల్లో నేను బూర్గంపాడు గ్రంథాలయంలో పాత సైన్సు పత్రికలన్నీ వరసపెట్టి చదువుతున్నాను. పదో తరగతి దాటని నాకు ఆ గ్రంథాలయం బల్లే కాలేజీ. ఒకదానిలో ఈ సంగతి దొరికింది. ఒక రకం బాక్టీరియాకు, తనకు కావలసిన పోషకాన్ని తానే తయారుచేసుకునే శక్తి ఉండదు. ఆ పోషకం లేని గాజు పళ్లెంలో అది పెరగదు. మాడిన చేప తోలు సారం కలిపితే మాత్రం చుక్కలు చుక్కలుగా పెరిగిందట. అంటే ఆ సారం దాని జన్యువులను మార్చింది, పోయిన శక్తి తిరిగొచ్చింది. అలా మార్చేది మనిషి ఒంట్లో గడ్డ కూడా పుట్టించవచ్చని అనుమానం. రుజువు కాదు, అనుమానమే.

చిన్నాయన ఇంటికెళ్లి చిన్నమ్మకు చెప్పాను. మా దగ్గర కంటికి కనిపించని ప్రాణి ఏదైనా పురుగే. నేనూ ఆ మాటే వాడాను.

"మాడిన తోలు కలిపితె పురుగులు పెరిగినయట, చిన్నమ్మా."

"అమ్మో! చేపలనా?"

"చేపల కాదు, పళ్లెంల. పరీక్ష కోసం వాళ్లే పెంచిన్రు."

"పురుగులు పెంచుకునేటోళ్ల ముచ్చట మనకేందిరా?" అన్నాడు మంచం మీది నుంచి చిన్నాయన. "సదివి సదివి నీ తలకాయల గూడ పడ్డట్టుంది పురుగు."

చిన్నమ్మ నవ్వలేదు. "గదంత నాకెందుకు బిడ్డా. ఈయనకు పెట్టాల్నా, వద్దా?"

"తోలు తీసి పెట్టు," అన్నాను.

మర్నాడు వెళ్లేసరికి చేప బొగ్గులా ఉంది.

"పురుగులంటివి గద. ఒక్కటి మిగలకుంట కాల్చిన," అంది చిన్నమ్మ. "తోలు తీస్తె ఈయన ముట్టడాయె."

చిన్నాయన తింటున్నాడు. పెదవులు నల్లబడ్డాయి. "ఇయ్యాల మంచిగ కాలింది," అన్నాడు.

పత్రికలో పరీక్ష గురించి రాశారు. గడ్డ వచ్చేసిన మనిషికి తోలు పెట్టాలా వద్దా అని మాత్రం రాయలేదు.

చిన్నమ్మ ఇంకో ముక్క చేతిలో పట్టుకుని నా వైపు చూసింది.

"పెట్టు," అన్నాను.

ఆ ముక్కకూ తోలు ఉంది.