చిప్పుకు పెట్టిన బొట్టు

మొన్న వంటింట్లో మిక్సీకి ఊడిన తీగ అతికించుకుంటుంటే సాల్డరింగ్ పొగ ముక్కుకు తగిలింది. కొంచెం సాంబ్రాణిలా, కొంచెం కాలిన ఇనుములా ఉండే ఆ వాసనకు తిరుపతిలో మా మిద్దె మీది రేకుల గది కళ్ల ముందుకొచ్చింది.

అది ఎనభైల నాటి మాట. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న మా అక్క ఆ గదిలో సొంతంగా కంప్యూటర్ కడుతోంది. కింద బొమ్మల కొలువుకు శనగ గుగ్గిళ్లు తాలింపు వేస్తున్నా, వీధిలో ఈడుపిల్లలంతా పట్టు పావడాలతో పేరంటాలకు తిరుగుతున్నా, మద్రాసు నుంచి తెప్పించిన చిప్పులూ పాత రేడియోల్లోంచి పీకిన తీగలూ ముందేసుకుని, వోణీ కొంగుతో మెడ తుడుచుకుంటూ ఆమె అక్కడే ఉండేది. కంప్యూటర్ ఏం చేయాలో ఒక చిప్పులో రాసిపెట్టాలి. నేను చదివి చెబుతుంటే అక్క వరుస స్విచ్చులు పైకీ కిందికీ వేసి, బటన్ నొక్కి, ఒక్కో అంకే ఎక్కించేది. ఒక్కటి తప్పు పడితే దాన్ని మాత్రమే దిద్దుకునే వీలు లేదు. పైన చిన్న అద్దమున్న ఆ చిప్పును రోజుల తరబడి ఎండలో పెడితే రాసిందంతా చెరిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచీ రాసుకోవాలి. ఆ దసరా సెలవుల్లో అలాగే ఒక తప్పు పడింది.

"సూడమ్మా, సెలవులయ్యే లోపల అది నడిస్తే సరి, లేకుంటే ఇప్పుకోమని రేడియో షాపాయనకు ఇచ్చేస్తా. ఆడపిల్లకు ఈ తీగల పనేంది?" అన్నాడు నాయన.

అక్క చిప్పును మిద్దె మీద ఎండకు పెట్టింది. ఆయుధపూజ నాడు మా అవ్వ కత్తిపీటకూ కుట్టుమిషనుకూ నాయన సైకిలుకూ గంధం, కుంకుమ పెట్టుకుంటూ మిద్దెక్కి, వడియాల చాట పక్కనున్న చిప్పును చూసి, దాన్ని మాత్రం ఎందుకు వదలాలనుకుని సరిగ్గా అద్దం మీదే ఇంత బొట్టు పెట్టింది. మంచి మనసుతోనే పెట్టింది, కానీ లోపలికి ఎండ పోయే దారి మూసుకుపోయింది.

అక్క చూసి తుడవబోతే అవ్వ చెయ్యి పట్టుకుంది. "పూజకు పెట్టిన బొట్టు ఎవురన్నా తుడస్తారా? రేపు తీద్దువులే."

"రేపటి దాకా ఎండ ఆగదవ్వా," అంది అక్క. ఆ బొట్టును వేలితో తీసి తన నుదుట పెట్టుకుంది. అద్దాన్ని శుభ్రంగా తుడిచి చిప్పును మళ్లీ ఎండలో పెట్టింది. పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. నాకు మాత్రం గర్వంతో ఒళ్లు పొంగింది, ఇప్పటికీ తలుచుకుంటే పొంగుతుంది.

సెలవుల చివరి రోజు మళ్లీ రాశాం. అప్పటికే రేడియో షాపాయన గోనెసంచితో వచ్చి నాయన పక్కన నిలబడ్డాడు. అక్క చిప్పును బోర్డులో గుచ్చి స్విచ్చు వేసింది. చిన్న ఎర్ర బల్బులు ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ ఆ చివరికి పోయి, మళ్లీ ఈ చివరికి వచ్చాయి.

షాపాయన సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నడస్తా ఉండేదాన్ని నేను ఇప్పను లేప్పా," అన్నాడు నాయనతో.

నాయన బల్బుల వైపు చూసి, "సరే, నడిచింది గదా, ఇంక కట్టిపెట్టు," అన్నాడు.

"ఇప్పుడే గదా నాయనా నడిచింది. ఇంక ఆపేది లేదు," అంది అక్క. ఆపలేదు కూడా.

ఇప్పుడా రేకుల గది లేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి మిద్దె మీద వడియాలకు కూడా ఎండ చాలదు. అద్దం చిప్పులు పోయాయి, అవ్వా నాయనా పోయారు. ఆ ఇంట్లో మిగిలిన అక్క నిన్న ఫోన్ చేసి, మోకాళ్లు అరిగినాయి, మెట్లెక్కొద్దని డాక్టరు గట్టిగా చెప్పినాడు అంది. గాలి హోరులో మాట సరిగా వినపడక, ఎక్కడున్నావని అడిగాను.

"మిద్దె మింద," అంది.