పెద్దమ్మ ఇంటి వంతు

సోమవారం తెల్లారి పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. తాండూరులో మా పక్కిల్లే ఆమెది. బతికుండగా ఆమెకు ఒక అన్యాయం జరిగింది. చేసింది నేను. శుక్రవారాలు ఒక్కో ఇంట్లో వంతులవారీగా జరిగే ప్రార్థనల లిస్టులోంచి ఆమె పేరు కొట్టేసిన చెయ్యి నాదే. సంఘపెద్దలు కొట్టేయించారని కొందరు అనుకుంటున్నారు. కాదు, లిస్టు రాసేది నేను.

ఇరవై ఏళ్ళకు పైగా ఆమె బండల పాలిష్ మిషన్ దగ్గర పనిచేసింది. దగ్గు పట్టుకుంది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించినా తగ్గలేదు. అప్పటికి నేను కూడికల్లో పంచే కరపత్రాలు సంచినిండా చదివి ఉన్నాను. నీతిమంతుడికి ఆరోగ్యం, పాపికి రోగం, అంతే నాకు తెలిసిన వైద్యం. పాపం దాచుకున్న ఇంట్లో ప్రార్థన ఎందుకని పేరు కొట్టేశాను.

ఆమెనే అడిగాను కూడా. వికారాబాద్ దవాఖానలో ఎక్స్‌రే తీయించుకొని రైల్లో తిరిగొస్తున్నాం. ధారూర్ దాటింది.

"పెద్దమ్మా, లోపల ఏదో దాచినవు. ఒప్పుకో."

ఆమె కిటికీలోంచి చూపు తిప్పి నా వైపు వంగింది.

"ఒకటున్నది రా. క్రిస్మస్ నాడు నువ్వు పాట పాడితే మస్తు పాడినవని అన్న. అబద్ధం."

ఎదురు సీటు ముసలాయన నవ్వాడు. నేను మొహం తిప్పుకున్నాను. అప్పుడు ఆమే మెల్లగా చెప్పింది. యాలాల్‌లో ఉండే చెల్లెలితో ఒక మాట మీద ఆరేళ్ళు మాట్లాడలేదట.

"దాని మీద కోపమున్నన్ని దినాలు అన్నం రుచి తెల్వలే, నిద్ర రాలే. పాపం మనిషిని తింటది, నువ్వు చదివింది అబద్ధం కాదు. పోయి మాఫీ అడిగిన. ఆ దినం దాని చేతి జొన్నరొట్టెలు మూడు తిన్న. పానం తేలికైంది. దగ్గు మాత్రం దగ్గు తీరుగనే ఉన్నది. అది బండల దుమ్ముది రా. యేసయ్య రోగమున్నోని దగ్గరికి పోయి ముందుగాల చెయ్యి వేసిండు. నువ్వు ముందుగాల లిస్టు తీసినవ్."

అది విని కూడా నేను పేరు తిరిగి రాయలేదు. పౌరుషం.

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆమె ముందుగది తడిగుడ్డతో తుడిచి చాపలు పరిచేది. మేము పాటల పుస్తకాలు పట్టుకొని ఆ గుమ్మం ముందునుంచే వేరే ఇంటికి పోయేవాళ్ళం. "నా వంతు ఎప్పుడు రా?" అని నవ్వుతూనే అడిగేది. "వస్తది పెద్దమ్మా" అనేవాణ్ణి. తిరిగొచ్చేసరికి చాపలు చుట్టి గోడకు నిలబెట్టి ఉండేవి.

పాపం రోగం తెస్తుంది, నిజమే. ఎవరి పాపం ఎవరికి రోగమైందో నా కరపత్రాల్లో లేదు. ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డయినా ఇవ్వని మిషన్ యజమానిని ఒప్పుకొమ్మని నేనెన్నడూ అడగలేదు. మంచంలో ఉన్న మనిషిని అడగడం సులువు.

పోయే ముందురోజు, ఆదివారం, ఆమెను చూడటానికి వెళ్ళాను. దిండ్లకు ఆనుకొని, ఊపిరి అందక కూర్చుంది. నన్ను చూసి, "మొహం గట్లున్నదేంది? నీకు పానం బాగలేదా?" అంది. బాగానే ఉందన్నాను.

మట్టి చేసి వచ్చాక ఆమె బిడ్డ నన్ను పక్కకు పిలిచింది. "మా అమ్మ ఏం పాపం చేసిందని వాడకట్టంత అడుగుతున్రు, తమ్మీ. నువ్వే చెప్పాలె. నోటితోని కాదు, రాసి."

రాస్తున్నాను అక్కా. ఆమె ఏ పాపమూ దాచలేదు.

ఈ శుక్రవారం వంతు పెద్దమ్మ ఇంటిది. ఐదింటికే పోయి నేను గది తుడుస్తాను. చాపలు ఇంకా గోడకు నిలబెట్టే ఉన్నాయి. సాయంత్రం ఆరు గంటలకు అందరూ రండి, పరుద్దాం.