పరుగు పుట్టుపూర్వోత్తరాలు

ఆ బడిలో డ్రిల్లు మాస్టారికి ఉన్న గుణం ఒక్కటే. పిల్లల్ని పరుగెత్తించమంటే పరుగు పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. బంతి ఇవ్వమంటే, అసలు మనిషికి బంతి విసరవలసిన అవసరం ఎందుకొచ్చిందో ఎత్తుకునేవారు. పిల్లలు ఆయనకు పురాణం సారు అని పేరు పెట్టారు. ఆ సంగతి చెవిన పడితే, "పురాణమంటే మాటలా మరి" అని మురిసిపోయారు.

కొన్ని రోజులు బుద్ధిగానే ఈల ఊది పరుగెత్తించేవారు. కానీ పిల్లల్లో ఎవరైనా నోరు జారి ఏదైనా అడిగారా, ఇక ఆ పూటకి అంతే.

"సారూ, డ్రిల్లు ఎవరు కనిపెట్టారు?" అని వెనక వరసలోని సన్నపాటి అమ్మాయి అడిగేది.

"అయిపోయాం రా," అని మిగతావాళ్ళు మూలిగేవారు.

"కూర్చోండి అందరూ." ఆయనే ముందు మట్టిలో చతికిలబడేవారు. "వెనకట రాజులకి సైన్యం కావలసొచ్చింది. కుడేదో ఎడమేదో తెలియనివాళ్ళని వరసలో నిలబెట్టాలి. అందుకు పుట్టింది డ్రిల్లు. సైనికుల దగ్గర్నుంచి అది బళ్ళలోకొచ్చింది. పిల్లలంతా మరబొమ్మల్లా చేతులెత్తడం, దించడం. ఆ తరవాత ఎవరికో బుద్ధి పుట్టింది. వీళ్ళు యుద్ధానికేం పోవట్లేదు కదా, ఆడుకోనిస్తే ఏం పోయింది అని."

"మరి మమ్మల్నీ ఆడుకోనివ్వండి సారూ."

"అక్కడికే వస్తున్నా."

అక్కడికి వచ్చేసరికి గంట కొట్టేవారు.

ఇదంతా మేడమీది కిటికీలోంచి లెక్కల టీచరు చూసేది. చూసి పళ్ళు నూరేది. తనకేమో భిన్నాలు సగంలో ఆగిపోయాయి. ఈయనేమో గంటకి గంట మట్టిలో పోస్తున్నాడు. ఒకసారి మెట్ల దగ్గర అడిగేసింది కూడా.

"మాస్టారూ, వ్యాయామం అంటే ఒళ్ళు కదలాలి గానీ నోరు కదిలితే ఎలాగండి?"

"ఒళ్ళంటే పందెం గుర్రం కాదు టీచరుగారూ. జన్మంతా కాపురముండాల్సిన ఇల్లు. ఒకరిది మేడ, ఒకరిది కురిసే కొంప. దాన్ని గురించి నాలుగు ముక్కలు తెలిస్తే మంచిదే కదా."

ఈయనతో వాదించడం కంటే గోడకి పాఠం చెప్పడం మేలనుకుందామె. నేరుగా పెద్ద టీచరు గదికి వెళ్ళి, ఆటల గంట ఎలాగూ మాటల గంట అయిపోయింది కనక దాన్ని లెక్కలకి ఇచ్చేయమంది. పెద్ద టీచరు మాస్టారిని పిలిపించారు.

"మీరేమంటారు మాస్టారూ?"

లెక్కల టీచరు గోడ గడియారం చూసింది. ఈ మనిషి ఆదికాలం నుంచి మొదలెడితే సాయంత్రం దాకా తెమలదు. కానీ ఆయన తన బూట్లకేసి చూసుకున్నారు.

"అనడానికేముందండి. ఆవిడ చెప్పింది నిజమే."

ఆ గంట ఆమెదైపోయింది. గెలిచానని ఆమె ఆ రోజు ఇంట్లో అత్తగారికి కూడా చెప్పుకుంది.

వర్షాలు వచ్చి వెళ్ళిపోయాక ఒక మధ్యాహ్నం, దర్జీ పని చేసే ఒకామె స్టాఫు గది గుమ్మంలో నిలబడింది. చంకలో మాస్టారి ప్యాంటు. ఆమె కూతురే ఆ వెనక వరస అమ్మాయి.

"సారు లేరా అమ్మా? చిరుగు కుట్టి తెచ్చాను."

"ఆయన పరుగెత్తింది ఎన్నడు? మోకాలెలా చిరిగింది?" అంది గదిలో ఒక్కతే ఉన్న లెక్కల టీచరు.

"మోకాలు కాదమ్మా, వెనకవైపు. కూర్చుని కూర్చుని." దర్జీ ఆమె నవ్వి, గొంతు తగ్గించింది. "చెప్పొద్దన్నారు గానీ, మీరు టీచరే కదా. మా పిల్లకి ఆయాసం. ఊపిరి పట్టేసిన రోజు పరుగెత్తలేదు. పక్కన ఒక్కర్తే కూర్చుంటే అందరూ ముసలమ్మా ముసలమ్మా అని ఏడిపించేవాళ్ళు. సారు చెవిలో ఒక మాట చెప్పారట. ఒంట్లో బాగోకపోతే ఏదో ఒకటి అడుగు తల్లీ, మిగతాది నేను చూసుకుంటాను అని. ఇది అడగడం, ఆయన అందర్నీ కూర్చోబెట్టేయడం. ఇంకా ఇద్దరు ముగ్గురున్నారట ఇలాంటివాళ్ళు."

లెక్కల టీచరు ప్యాంటు తనే తీసుకుని మెట్ల కింద ఆటసామాన్ల గదికి వెళ్ళింది. మాస్టారు గాలిపోయిన బంతికి గాలి కొడుతున్నారు, ఆడేవాళ్ళు లేకపోయినా.

"చెప్పేసిందా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు."

"ఆ రోజు మీరు ఒక్క మాట అంటే పోయేది కదా మాస్టారూ."

"అంటే, ఏ పిల్లలు అని అడుగుతారు. మర్నాటికి ఆ పిల్లల పేర్లముందు రోగం పేరొచ్చి కూర్చుంటుంది. నా పేరుముందు పురాణం ఉందిగా. బడికి ఒకటి చాలు."

ఆమె తిన్నగా పెద్ద టీచరు దగ్గరికి వెళ్ళింది. అసలు కారణం చెప్పకూడదు. కనక తన పరువే తీసుకోవలసి వచ్చింది.

"ఆ గంట నాకొద్దండి. పిల్లలు మాట వినడం లేదు."

"మీ తరగతిలో సూది పడితే వినపడుతుందంటారే?"

"ఈమధ్య గునపాలు పడుతున్నాయండి."

పెద్ద టీచరు జాలిగా చూశారు. "పైవాళ్ళు ఆమోదించిన టైంటేబులు. ఏడాది చివరిదాకా కదపలేను. పోనీ, అల్లరి అదుపు చేయడానికి మాస్టారిని వెనక బెంచీలో కూర్చోబెడతాను."

అలా ఆ ఏడాదంతా ఆటస్థలం ఖాళీగానే ఉండిపోయింది. పాఠం మధ్యలో అటు చూడకుండా ఉండడానికి లెక్కల టీచరు కిటికీ రెక్క వేయించింది. అయినా చూపు అటే పోయేది.

మాస్టారు మాత్రం వెనక బెంచీలో, ఆ దర్జీ ఆమె కూతురి పక్కన పలక పట్టుకుని ఒద్దికగా కూర్చునేవారు. మొదటిరోజే భిన్నాల్లో పైవి పైవీ, కిందివి కిందివీ కలిపేశారు. తరగతంతా గొల్లుమంది.

"అలా కాదు సారూ, ముందు కిందివి సమానం చేయాలి," అంటూ ఆ పిల్ల పలక తన వైపు లాక్కుంది. లేచి నిలబడి, నడుంమీద చెయ్యి వేసుకుని మరీ చెప్పింది. మర్నాడు ఇంకో బెంచీ వాళ్ళు కూడా తమకి చెప్పమని ఆ పిల్లని పిలిచారు.

మాస్టారికి భిన్నాలు నిజంగానే రావో, రానట్టు ఉండేవారో లెక్కల టీచరుకి ఈనాటికీ తెలియదు. ఏడాది పరీక్ష నాటికి ఆ బెంచీ చుట్టుపక్కల లెక్కలు రానివారు మాత్రం ఆయనొక్కరే మిగిలారు.