నర్సయ్యగారి పచ్చజెండా

హఫీజ్‌పేటలో నేను కిరాయికి ఉన్న ఇంటి యజమాని నర్సయ్యగారు రోజూ పొద్దున్నే తన భయాలన్నింటికీ పచ్చజెండా ఊపి పంపించేసేవారు. ముప్పైయేళ్ళు రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరయిన మనిషి. స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని, నరసింహస్వామి పటం ముందు నిటారుగా నిలబడేవారు.

"మోకాలు గుంజుతంది. ఇగ నీ ఫికర్. పిల్లి మూడు దినాల సంది కనబడ్తలేదు. నీ ఫికర్. నల్లా రాలే. నీ ఫికర్."

ఒక్కో దిగులుకీ జెండా ఒకసారి ఊగేది.

"నల్లా రాకుంటే జెండా ఊపుడేంది? బిందె పట్టుకొని బోరింగు కాడికి పో," అనేవారు ఆయన భార్య యాదమ్మగారు.

"పోత. బిందె పట్టుకొని పోత, ఫికర్ పట్టుకొని పోను."

ఒకరోజు కిటికీలోంచి ఊగుతున్న ఆ జెండా తనకే అనుకుని నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ధైర్యంగా బండిని వెనక్కి పోనిచ్చాడు. ప్రహరీ కూలింది. మేమంతా పరుగెత్తుకొచ్చేసరికి నర్సయ్యగారు ఇటుకల మీద నిలబడి మళ్ళీ జెండా ఊపుతున్నారు.

"గోడ ఫికర్ గూడ పోయింది."

"ఫికర్ కంటె ముందు గోడనే పోయింది," అన్నారు యాదమ్మగారు.

అది తొంభైతొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే కంప్యూటర్లకు తేదీ తెలియక అన్నీ ఆగిపోతాయని ఊరంతా ఒకటే మాట. నేను మాదాపూర్‌లో ఒక కొత్త గాజుమేడలో లిఫ్టు నడిపేవాణ్ణి.

"లిఫ్టు మధ్యలో ఆగిపోతే నా గతేంటండీ?" అన్నాను.

"స్వామికి తారీకు కంప్యూటర్ చెప్తదా?" అని నా తల చుట్టూ జెండా తిప్పారు.

ఆ తేదీలు సరిచేసే ఉద్యోగం కోసమే మా పైవాటాలో ఉండే భానుశ్రీ తిరుగుతోంది. భీమవరం పిల్ల. భయస్తురాలు. రెండు ఇంటర్వ్యూలు పోయాయి. రెండోదాంట్లో పేరడిగితే వాళ్ళమ్మ పేరు చెప్పింది. మూడోది మా గాజుమేడలోనే. అదీ పోతే భీమవరం వెళ్ళిపోదామని తల్లి అప్పటికే గిన్నెలు సర్దుతోంది.

"నోరు పెగలట్లేదండి, బాబాయిగారూ," అంది ఇంటర్వ్యూ రోజు పొద్దున, నర్సయ్యగారితో.

"జెండా ఊపితిని, బిడ్డా. సిగ్నల్ ఇచ్చెటోడు పైనున్నడు. నువ్వు పట్టాల మీద పో, అంతే."

నాకు చిరాకేసింది. పిల్ల అలా వణికిపోతుంటే జెండా ఊపేసి చాయ్ తాగడమేనా?

మధ్యాహ్నం తిండికని కిందికి దిగితే, రోడ్డవతల ఎర్రటి ఎండలో ఖాకీ చొక్కా కనబడింది. జెండా చాచి పట్టుకుని, పెదాలు కదుపుతూ నర్సయ్యగారు. రోడ్డు పని జరుగుతోందనుకుని రెండు లారీలు ఆయన ముందు ఆగి, దండం పెట్టి మరీ వెళ్ళాయి.

"ఏంటండీ ఇది? ఎప్పుడొచ్చారు?"

"బిడ్డ ఎనకనే ఇంకో బస్సులొచ్చిన. రైలు ఆఖరి పెట్టె దాటేదాంక జెండా దించొద్దు. గేటుమన్ రూలు."

"పొద్దున్నే స్వామికి అప్పగించేశారుగా?"

"అప్పజెప్పిన. ఫికర్ ఆయనది. నిలబడుడు నాది."

నా టిఫిన్ డబ్బా ఇస్తే ఎడంచేత్తో తిన్నారు. కుడిచెయ్యి దించలేదు.

మూడింటికి భానుశ్రీ బయటికొచ్చింది.

"పేరు నీదే చెప్పినవా?"

"నాదే చెప్పానండి. ఉద్యోగం వచ్చింది. అద్దంలోంచి మీ జెండా కనబడుతూనే ఉందండి."

నర్సయ్యగారు జెండా చుట్టి చంకలో పెట్టుకున్నారు.

రెండు నెలలయ్యాక ఒక సాయంత్రం ఆయనే పైవాటా మెట్లెక్కి వచ్చారు. ఖాకీ చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి ఉన్నాయి.

"బిడ్డా, రేపు కన్ను ఆపరేషన్. స్వామికి అప్పజెప్పిననే గని, లోపటికి జెండా తేవద్దన్నరు దవాఖానోళ్ళు. నువ్వు జర బయట నిలబడి పట్టుకుంటవా?"

భానుశ్రీ జెండా అందుకుంది. ఆయన రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగారు.

"నేను బయటికొచ్చేదాంక దించకు మరి."